టికెట్ క్లోజ్ చేశారు సరే, ఆ స్టిక్కర్ కింద ఏముందో ఎవరు చెప్తారు?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి (అలాంటి మనిషి ఒకరు నిజంగానే ఉన్నారన్న నమ్మకంతో),

నమస్కారం అండి. ముందే చెప్పేస్తున్నా, మా పిల్లికూన మీ ఫుడ్ తినట్లేదని రాస్తున్న ఉత్తరం కాదు ఇది. పిల్లులన్నాక అంతే. నిన్న ఎగబడి తిన్నదాన్నే ఇవాళ వాసన చూసి, పక్కన నేలని కాలితో గీకి, పాతిపెడుతున్నట్టు యాక్షన్ చేసి వెళ్ళిపోతాయి. అది వాటి ఇష్టం, దానికి మిమ్మల్ని ఏమీ అనను. నా కోపమంతా మీరు నన్ను తిప్పిన తిప్పుడు మీద.

అడిగింది ఇంతే. మా కాటుక తల్లిపాలు మానినప్పటి నుంచీ మీ డ్రై ఫుడ్ తప్ప ఇంకేం పెట్టినా మొహం తిప్పుకునే రకం. కొత్త ప్యాకెట్ తెరిచిన రోజు నుంచీ గిన్నె వైపే రావట్లేదు. గింజల రంగు వేరేగా ఉంది, వాసనా వేరేగా ఉంది. రెసిపీ ఏమన్నా మార్చారేమో చూద్దామని ప్యాకెట్ వెనక్కి తిప్పితే, ఈ తిండి ఎదిగే పిల్లలకా, పెద్ద పిల్లులకా, అన్ని వయసులకా అని ఒక లైన్ ఉంటుంది చూడండి, సరిగ్గా దాని మీదే మీ అడ్రస్ స్టిక్కర్ అంటించారు, పీకితే కింద అక్షరాలు కూడా దాంతోపాటే ఊడొచ్చాయి. ముందువైపు మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్న పిల్లికూన ఫోటో. అందుకని అడిగా: రెసిపీ మారిందా, ఆ స్టిక్కర్ కింద ఏం రాసుంది, పిల్లులకి తప్పనిసరైన టారిన్ అనే పోషకం ఎంత వేస్తున్నారు. మీ ఆఫీసులో ఎవరో ఒకరు ఇంకో ప్యాకెట్ తిప్పి చూస్తే అయిపోయే పని.

మొదట మీ చాట్ బాట్ తగిలింది. "మీ పప్పీ కోసం ఏ ఫుడ్ చూస్తున్నారు?" అంది. పప్పీ కాదు పిల్లి అన్నా. "చాలా సంతోషం! మీ పప్పీ వయసెంత?" అంది. మనిషితో మాట్లాడతా అని టైప్ చేస్తే క్యూలో పెట్టింది, ఆ క్యూ కదిలేలోపు పేజీయే ఎగిరిపోయింది. సరే, మిషన్ కదా అని ఊరుకున్నా.

తర్వాత ఫోన్. పాపం ఒకావిడ బాగానే మాట్లాడారు, బ్యాచ్ నంబర్ అడిగితే చదివా, ఫోటో పంపమంటే పంపా. మర్నాడు ఇంకొకాయన మెయిల్ పెట్టి బ్యాచ్ నంబర్ చెప్పండి, ఫోటో పంపండి అన్నారు. పైన అదే మెయిల్లో నా ఫోటో ఉందండీ అంటే "సార్, ప్రోడక్ట్ డ్యామేజ్ అయిందా?" అని అడిగారు. ప్రోడక్ట్ బ్రహ్మాండంగా ఉంది, చెక్కు చెదరలేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ తినట్లేదు! డ్యామేజ్ లేదన్నా కాబట్టి టికెట్ "పరిష్కరించబడింది" అని క్లోజ్. కొత్త టికెట్ వేస్తే ఇంకో కొత్త మనిషి, మళ్ళీ బ్యాచ్ నంబర్ దగ్గర్నుంచి మొదలు. నా ఫోటోలన్నీ ఏ గంగలో కలుపుతున్నారో మీకే తెలియాలి.

మధ్యలో ఉచిత సలహాలు ఇచ్చినవాళ్ళు వేరే. కాస్త తియ్యగా ఏదైనా కలిపి పెట్టండి, ఇష్టంగా తింటుంది అన్నారొకరు. అయ్యా, పిల్లికి తీపి తెలీదు. తీపిని పసిగట్టే జీన్ పిల్లి జాతిలో పనిచెయ్యదని 2005లోనే తేల్చారు. పిల్లి తిండి అమ్ముకునే కంపెనీ ఫోనెత్తే మనిషికి ఈ మాత్రం చెప్పి కూర్చోబెట్టరా? ఇంకొకరు పాలు కలపమన్నారు, పాలు మానిన పిల్లల్లో చాలావాటికి ఆవు పాలు అరగక విరేచనాలు పట్టుకుంటాయి, అసలే తినని పిల్లకి అదొకటి తక్కువైంది.

వీటన్నిటికీ నవ్వుకున్నా. నవ్వలేనిది ఇంకోటి ఉంది. మీ "సీనియర్ ఎగ్జిక్యూటివ్" అట, గొంతులో బోలెడు ధీమా, "మేడమ్, రెండు రోజులు ఆకలితో వదిలేయండి, అదే దారికొస్తుంది" అన్నాడు. దారికి రాదు బాబూ, డాక్టర్ దగ్గరికొస్తుంది. అంత చిన్న పిల్ల ఒక పూట రెండు పూటలు తినకపోయినా ఒంట్లో షుగర్ పడిపోయి చల్లబడిపోతుంది, పెద్ద పిల్లి అయినా కొన్ని రోజులు వరసగా తిండి మానేస్తే కొవ్వంతా లివర్‌కి చేరి ప్రాణం మీదకొస్తుంది. ఆ కాల్ "క్వాలిటీ కోసం రికార్డ్ చేయబడుతోంది" అని ముందే చెప్పారు కదా, దయచేసి తీసి ఒకసారి వినండి. క్వాలిటీ ఏ రేంజ్‌లో ఉందో మీకే వినపడుతుంది.

చివరికి "మా న్యూట్రిషన్ నిపుణులు మీకు కాల్ చేస్తారు" అని మెసేజ్ వచ్చింది. నిజం చెప్తున్నా, ఆశపడ్డా, కాగితం పెన్ను పక్కన పెట్టుకుని కూర్చున్నా. చేసినాయన నా ప్రశ్న చదవలేదు, నెలనెలా డెలివరీ ప్లాన్ అమ్మడానికి చేశాడు. మీ వెట్ ఫుడ్ సంగతేంటి, మా డాక్టర్ అదే పెట్టమంటున్నారు అని అడిగితే "అందులో ప్రోటీన్ 10 శాతమే మేడమ్, డ్రైలో 35, డ్రైయే బెస్ట్" అని తేల్చేశాడు. వెట్ ఫుడ్‌లో దాదాపు 80 శాతం నీళ్ళే కదండీ నిపుణులు గారూ, ఆ నీళ్ళు పక్కన పెడితే మిగిలిన 20లో 10 ప్రోటీన్ అంటే సగానికి సగం, డ్రైలో నీళ్ళు ఏ పది శాతమో ఉంటాయి, కాబట్టి మీ 35 మహా అయితే 39 అవుతుంది. చిన్నపిల్లల బడి లెక్క ఇది. నాకు లెక్క తెలుసు కాబట్టి సరిపోయింది, తెలియనివాళ్ళ సంగతేంటి?

ఇంతకీ ఆ లైన్ కోసం నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో మీకు ఇప్పటికీ అర్థమై ఉండదు. అమెరికాలో జంతువుల తిండికి ప్రమాణాలు పెట్టే ఆఫ్కో (AAFCO) అనే సంస్థ వాళ్ళు పెట్టిన లెక్క చూసినా, నీళ్ళు తీసేశాక పెద్ద పిల్లి తిండిలో కనీసం 26 శాతం ప్రోటీన్ ఉంటే చాలు, ఎదిగే పిల్లకి 30 ఉండాలి, కాల్షియానికి కూడా పిల్లల లెక్క పిల్లలదే. ఏడాది నిండేదాకా పిల్లల తిండే పెట్టమని ఏ డాక్టరైనా చెప్తాడు. టారిన్ అయితే పిల్లి ఒంట్లో చాలినంత తయారవదు, తిండిలోంచి రావాల్సిందే, రాకపోతే కంటి రెటీనా పాడవుతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. గుండె జబ్బుకీ టారిన్‌కీ ఉన్న సంబంధం 1987లో బయటపడ్డాకే కంపెనీలన్నీ తిండిలో దాన్ని పెంచాయి, మీ ఇండస్ట్రీ చరిత్రే ఇది, నేను మీకు చెప్పాల్సి వస్తోంది! ప్యాకెట్ మీద ఉన్నది పెద్ద పిల్లుల తిండి అయితే కాటుక తినకపోవడమే మంచిదని ఊరుకుంటా. పిల్లలదే అయితే ఎలాగోలా అలవాటు చేస్తా. రెంటిలో ఏదో తెలియకుండా నేనేం చెయ్యను?

అలవాటు చెయ్యడం కూడా ఏమంత తేలిక కాదు. పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి, అందరూ చెప్పేది అదే, కానీ రెసిపీ మారుస్తున్నామని మీరు ముందు ఒక్క మాట చెప్తే కదా పాతది దాచుకునేది. ఇప్పుడు డాక్టర్ చెప్పినట్టు వేరే కంపెనీ కిటెన్ వెట్ ఫుడ్ గోరువెచ్చగా చేసి, రోజుకి నాలుగైదు సార్లు చెంచాడు చెంచాడు పెడుతూ, వంటింటి కాటాలో దాన్ని తూచుకుంటూ కూర్చున్నా. ఈ వయసులో వారానికి సుమారు 100 గ్రాములు పెరగాలట. పెరుగుతోంది, మీ దయ ఏమీ లేకుండానే.

మా బంగారి గురించి కూడా చెప్పాలి. కాటుక కంటే ముందున్న పిల్లి. దాని జీవితమంతా మీ ఫుడ్డే తింది, ముసలిదై పళ్ళూడాక కూడా మీ మెత్తటి రకమే నానబెట్టి పెట్టా. తెలిసినవాళ్ళు ఎవరు పిల్లిని తెచ్చుకున్నా ఏం పెట్టాలని నన్నే అడిగేవాళ్ళు, నేను మీ పేరే చెప్పేదాన్ని. జీతం లేని సేల్స్ గర్ల్‌ని నేను మీకు! అన్నేళ్ళ కస్టమర్‌కి మీరిచ్చిన మర్యాద ఏంటంటే, టికెట్ క్లోజ్ అయిన ప్రతిసారీ "మా సేవ మీకు నచ్చిందా? అయిదు స్టార్లు ఇవ్వండి" అని ఒక మెసేజ్, పైన పెద్ద పిల్లుల ఫుడ్ మీద ఒక డిస్కౌంట్ కూపన్. పిల్లకూన అని మొత్తుకున్నాక పెద్దవాటి కూపన్. ఇది కావాలని చేస్తున్నారా?

నాకు డబ్బులు వెనక్కి వద్దు, ఇంకో ప్యాకెట్ అసలే వద్దు. పైన మూడు ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబు కావాలి, పేరూ హోదా పెట్టి సంతకం చేసే మనిషి నుంచి, బాట్ నుంచి కాదు. ఆ స్టిక్కర్ కూడా అక్కణ్ణుంచి తీయించండి, ప్యాకెట్ మీద అంత ఖాళీ స్థలం పెట్టుకుని చదవాల్సిన లైన్ మీదే అంటించడానికి ఎంత తెలివి ఉండాలో! "ఆకలితో వదిలేయండి" అన్న మహానుభావుడు ఇంకే పిల్లికూన ఇంటికీ ఫోన్ చెయ్యకుండా చూడండి. ఈ వారంలో జవాబు రాకపోతే వినియోగదారుల కోర్టుకి వెళ్తా, మీ చాట్ స్క్రీన్‌షాట్లు, చిరిగిన స్టిక్కర్ ఫోటో, టికెట్ నంబర్లు అన్నీ పిల్లులు పెంచుకునేవాళ్ళ గ్రూపులన్నిట్లో పెడతా. ఖాళీగా ఉన్నా, ఓపిక కూడా ఉంది, మీ క్యూలో నిలబడీ నిలబడీ వచ్చిన ఓపికే.

ఈ మెయిల్‌కి కూడా "మీ పప్పీ" అని రిప్లై వస్తే మాత్రం అదే మొదటి పోస్ట్.

ఇట్లు,
మీ రికార్డుల్లో "సమస్య పరిష్కరించబడిన కస్టమర్"