విషయం: లాసిక్ తర్వాత కంటి ప్రెషర్ రీడింగ్ గురించి అడిగితే జవాబు ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. రెండేళ్ల కిందట బెంగళూరులో మీ మారతహళ్లి బ్రాంచిలో రెండు కళ్లకూ లాసిక్, అంటే కళ్లద్దాలు అక్కర్లేకుండా చేసే లేజర్ ఆపరేషన్, చేయించుకున్నాను. ఆపరేషన్ మీద నాకు ఫిర్యాదు లేదు, చూపు బాగుంది. ఆ తర్వాత నేనడిగిన ఒక్క ప్రశ్నకు మీలో ఎవరూ జవాబు చెప్పకపోవడం మీదే ఈ ఉత్తరం.

మా అమ్మకు గ్లాకోమా, అంటే కంటి లోపలి ప్రెషర్ కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు, మావైపు నీటికాసులంటాం. పక్కచూపు పోయాకగానీ ఆమెకు తెలియలేదు. అందుకే నేను ఏటా ప్రెషర్ చూపించుకుంటాను. మొన్న మీ టెక్నీషియన్ గాలి కొట్టే మెషీన్‌తో చూసి "13 మేడం, నార్మల్" అన్నాడు. లాసిక్‌తో కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శక పొర, పల్చబడింది కదా, మెషీన్ అసలు ప్రెషర్ కన్నా తక్కువ చూపిస్తుందేమో అని అడిగితే, "21 లోపుంటే భయం లేదు" అని తర్వాతి పేషెంటును పిలిచాడు. కంటి ప్రెషర్ కొలవడానికి డాక్టర్లు వాడే గోల్డ్‌మాన్ టోనోమీటర్ లెక్క కూడా సుమారు 520 మైక్రాన్ల (అర మిల్లీమీటరు పైచిలుకు) మందమున్న కార్నియాను బట్టి కట్టిందే. నా కార్నియాలో కొంత లేజర్‌తో తీసింది మీరే. ఇంకెంత మిగిలిందో చూడకుండా నార్మల్ అని ఎలా రాశారు?

డాక్టర్ గారితో మాట్లాడాలంటే రిసెప్షన్‌లో కాల్ సెంటర్‌కు ఫోన్ చేయమన్నారు. అక్కడి అమ్మాయి అంతా విని, "కొత్త అపాయింట్‌మెంట్ బుక్ చేయమంటారా?" అంది. కాదమ్మా, ఆపరేషన్‌కు ముందు నా కార్నియా మందం, అప్పటి ప్రెషర్, లేజర్‌తో ఎంత తీశారు, ఆ కాగితాలు కావాలన్నాను. టికెట్ నంబర్ ఇచ్చింది. మర్నాడే "మీ సమస్య పరిష్కరించాం" అని మెసేజ్! మళ్లీ ఫోన్ చేస్తే మొత్తం మొదటినుంచీ చెప్పమన్నారు. బ్రాంచికి వెళితే పాత ఫైళ్లు జయనగర్‌లో ఉంటాయన్నారు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో పడి అక్కడికి వెళితే, చేయించుకున్న చోటే అడగాలన్నారు. కాల్ సెంటర్‌లో ఒకబ్బాయి "మీరు తెలుగేనా అక్కా, నేను చూసుకుంటా" అన్నాడు. నమ్మాను. ఆ తర్వాత అతని దగ్గర్నుంచి ఫోనే లేదు. నా ఈమెయిల్‌కు వచ్చింది కళ్లద్దాల ఆఫర్. నేను రాసింది ఒక్కరైనా చదివారా?

నా మాట మీద మా చెల్లెలు మీ దగ్గరే లాసిక్ చేయించుకుంది. నాన్నగారి శుక్లం ఆపరేషన్‌కు అనంతపురం నుంచి మీ దగ్గరికే తీసుకొచ్చాను. డబ్బు కట్టేదాకా రోజూ ఫోన్ చేసిన మీకు ఇప్పుడు తీరిక లేదా?

అడిగిన రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. అవి ఇవ్వండి. కార్నియా మందం మీద అంతగా ఆధారపడని మెషీన్‌తో ప్రెషర్ చూసి, ఓసీటీ అనే కంటి స్కాన్ తీసి కంటి నరం ఎలా ఉందో డాక్టర్ గారే నాతో మాట్లాడాలి. మీ దగ్గర ఆ మెషీన్ లేకపోతే లేదని రాసివ్వండి, ఉన్నచోటికి వెళ్తాను. ఈసారి కూడా టికెట్ నంబరే వస్తే వినియోగదారుల కమిషన్‌కూ, మెడికల్ కౌన్సిల్‌కూ రాస్తాను. అప్పుడు మా చెల్లెలి రికార్డులూ కలిపే అడుగుతాను.

ఇట్లు,
మీ పాత పేషెంట్