నికోడిమస్‌లో గుంత ఇళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి: అమెరికా ఇంటీరియర్ సెక్రటరీ గారికి బహిరంగ లేఖ

సెక్రటరీ గారూ,

నేను కాన్సాస్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. జాతీయ పార్కులనూ చారిత్రక స్థలాలనూ చూసే నేషనల్ పార్క్ సర్వీస్ మీ శాఖ కిందే ఉంది కాబట్టి ఇక్కడి గ్రాహం కౌంటీలోని నికోడిమస్ అనే చిన్న ఊరి గురించి సూటిగా మీకే రాస్తున్నా.

బానిసత్వం పోయి పుష్కరం గడిచాక, 1877లో, సొంత భూమి దొరుకుతుందన్న ప్రచారం నమ్మి కెంటకీ నుంచి నల్లజాతి కుటుంబాలు అక్కడికి వచ్చాయి. తీరా చూస్తే ఊరే లేదు. ఇల్లు కట్టడానికి కలప కూడా లేకపోవడంతో నేలలో గుంతలు తవ్వుకుని, పైన కొమ్మలూ మట్టిపెళ్లలూ కప్పుకుని వాటిల్లోనే కాపురం పెట్టారు. మరుసటి వసంతంలో వచ్చిన విలియానా హిక్‌మన్ ఊరెక్కడని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగను చూపించాడట, ఆవిడ ఏడ్చేసింది.

నికోడిమస్‌ను జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించిన 1996 చట్టం పేర్లు రాసి మరీ కాపాడింది ఐదు భవనాలనే: హోటల్, రెండు చర్చిలు, 1918 నాటి బడి, 1939 నాటి టౌన్‌షిప్ హాల్. మంచిదే, కానీ ఇవన్నీ గుంతల తర్వాత వచ్చినవి. లేని ఊరిని ఉన్నట్టు ప్రచారం చేసి జనాన్ని రప్పించిన డబ్ల్యూ. ఆర్. హిల్ పేరు మాత్రం కౌంటీ కేంద్రం హిల్ సిటీకి ఇప్పటికీ ఉంది, అదొక విడ్డూరం!

పాత భవనాలు ఎక్కువ మిగల్లేదంటే తప్పు ఊరిది కాదు. రైలు కోసం 1887లో జనం 16,000 డాలర్ల బాండ్లకు ఓటేశారు, ఆ రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ వాళ్లు సాలమన్ నది అవతల పట్టాలు వేసుకుపోతే వ్యాపారాలు ఆ పట్టాల పక్కనున్న బోగ్ అనే ఊరికి తరలిపోయాయి. అందుకే అక్కడ నిలబడి ఉన్న గోడలనే చరిత్ర అనుకుంటే, రైల్వే చేసిన అన్యాయానికి మీరూ ముద్ర వేసినట్టే.

కప్పుల మరమ్మతులతో ఆగకండి. చుట్టుపక్కల పొలాల్లో, యజమానుల అనుమతితో, గుంత ఇళ్ల ఆనవాళ్లు వెతికించి మ్యాప్ గీయించండి, తవ్వకాలకు నిధులివ్వండి, అవసరమైతే చట్టంలోని జాబితా పెంచమని కాంగ్రెస్‌ను అడగండి. ఏటా జులై చివర్లో జరిగే హోమ్‌కమింగ్ అనే ఊరి వేడుకకి ఆ తొలి కుటుంబాల వారసులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మీ వాళ్లను అప్పుడే పంపి, ఏ కుటుంబం ఎక్కడ తవ్వుకుందో అడిగించండి. తాతల నోట విన్నవాళ్లు ఇప్పటికే బాగా పెద్దవాళ్లయ్యారు, ఇంకో కమిటీ, ఇంకో రిపోర్టు అంటూ ఏళ్లు గడిపితే అడగడానికి ఎవరూ ఉండరు.