రెండు టిక్కీలు, అర కేజీ తేడా

గుంటూరు,
ఆదివారం సాయంత్రం

ఒరే సుబ్బూ,

"చిన్నికి ముందు సీ నేర్పించాలా, పైథానా? ఒక్క ముక్కలో చెప్పరా" అన్నావు మొన్న ఫోన్లో. రెండూ కంప్యూటరుకి పనులు చెప్పే భాషలే, కానీ ఒక్క ముక్కలో తేలేదైతే అప్పుడే చెప్పేవాణ్ణి. పైగా ఫోన్లో కోడ్ చెబితే కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అని నువ్వు అడగడం, నేను అరవడం. అందుకని కాగితం తీశాను. మిర్చి యార్డుకి సెలవు, మీ చెల్లెమ్మ తెనాలి వెళ్లింది, అడిగేవాళ్లు లేరు. ఉత్తరం పొడుగైతే విసుక్కోకు.

ఒక సంగతి ముందే చెబుతా. కోడ్ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ మాత్రం తెలుగులో రాస్తున్నా. పైథాన్ 3లో అయితే వేరియబుల్ (విలువ దాచుకునే డబ్బా) పేర్లు నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు తెలుసా! ధర = 180 అని కొడితే నోరెత్తకుండా తీసుకుంటుంది. ఫర్, ఇఫ్ లాంటి భాష సొంత మాటలు ఇంగ్లీషులోనే ఉండాలి.

అరండల్‌పేటలో మనం సీ నేర్చుకున్న రోజులు గుర్తున్నాయా? టర్బో సీ నీలం తెర, గంటకి ఇద్దరికి ఒక కంప్యూటరు, సెమీకోలన్ ఒకటి మర్చిపోతే తెర నిండా ఎర్రర్లు. పైథాన్ సులువు అనేవాళ్లు చెప్పేది కూడా అదే. సెమీకోలన్ అక్కర్లేదు, ఫ్లవర్ బ్రాకెట్లు అక్కర్లేదు, ఇది ఇంట్ (పూర్ణసంఖ్య), అది ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అని ముందే చెప్పక్కర్లేదు. నిజమే. కానీ సెమీకోలన్ మర్చిపోతే మెషీనే అరుస్తుంది కదా, అర నిమిషంలో దిద్దుకుంటాం. నా భయమంతా అరవని తప్పుల గురించి. ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పు వస్తుంది. ఆ మౌనం సీలో ఒక చోట, పైథాన్‌లో ఇంకో చోట. నేను సింటాక్స్ (రాసే పద్ధతి) పోల్చి చూసేది అక్కడే.

నా కథే విను. కోర్సు అయిన కొత్తలో మామయ్య కొట్టుకి సీలో ఒక చిన్న లెక్క రాసిచ్చాను, మహా గొప్పగా. టిక్కీల (మిర్చి బస్తాల) మొత్తం బరువుని టిక్కీల సంఖ్యతో భాగించి సగటు చూపించాలి. రెండు టిక్కీలు 85 కేజీలు. తెర మీద 42 అని వచ్చింది. మామయ్య కాగితం మీద వేసి చూసి, "ఆ అర కేజీ ఎవడి జేబులోకి పోయిందిరా?" అన్నాడు. సీలో రెండు ఇంట్‌లను భాగిస్తే జవాబు కూడా ఇంటే, దశాంశం తర్వాతది కోసి పారేస్తుంది. 2 బదులు 2.0 అని ఉంటే 42.5 వచ్చేది. టిక్కీకి అర కేజీ అంటే రెండు వందల టిక్కీలకి ఒక క్వింటా! పైథాన్ 3లో 85 / 2 అంటే 42.5 వస్తుంది. కోత కావాలంటే 85 // 2 అని రెండు గీతలు పెట్టి అడగాలి.

అలాగని పైథాన్ పాపం ఎరగనిదేం కాదు. మామయ్య మనవడు మొన్న నా పక్కన కూర్చుని రెండు బరువులు అడిగి కలిపే ప్రోగ్రాం రాశాడు. 42 కొట్టాడు, 43 కొట్టాడు. జవాబు 4243. రెండు టిక్కీలు నాలుగు టన్నులట! వాడు నా ముఖం చూశాడు. పైథాన్‌లో ఇన్‌పుట్() ఏం చదివినా దాన్ని అక్షరాలుగానే ఇస్తుంది, + గుర్తు ఆ అక్షరాల్ని పక్కపక్కన అతికిస్తుంది. ఇంట్(ఇన్‌పుట్()) అని చుట్టాక 85 వచ్చింది. సీలో ఆ చదివే పని చేసే స్కాన్ఎఫ్‌కి ఏ రకం చదవాలో ముందే చెప్పి తీరాలి గనక ఈ గొడవ ఉండదు. (దాంట్లో & మర్చిపోయి మనం పడ్డ పాట్లు వేరే కథలే.)

ఇక ఖాళీల సంగతి. ఇది చిన్నికి తప్పకుండా చూపించు:

బరువులు = [42, 43, 45]
మొత్తం = 0
ఫర్ బరువు ఇన్ బరువులు:
    మొత్తం = మొత్తం + బరువు
    ప్రింట్(మొత్తం)

ఇది పైథాన్. ఫర్ అంటే లోపలికి జరిపిన లైన్లని ఒక్కో బరువుకీ ఒకసారి నడుపు అని. 42, 85, 130 అని మూడు లైన్లు వస్తాయి. చివరి లైనుని ఎడమ అంచుకి జరిపితే 130 ఒక్కటే వస్తుంది. నాలుగు ఖాళీల తేడా, అంతే. ఇదే రూపాన్ని సీలో ఫ్లవర్ బ్రాకెట్లు లేకుండా రాశావనుకో, ఎంత లోపలికి జరిపినా ఫర్ కిందికి మొదటి లైను ఒక్కటే వస్తుంది. 130 ఒక్కసారే పడుతుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, పని మాత్రం వేరు. ఇదేదో పిల్లల తప్పు అనుకోకు. 2014లో యాపిల్ ఫోన్లలో బయటపడ్డ భద్రతా లోపం ఇలాంటిదే. సీ కోడ్‌లో "గోటూ ఫెయిల్" (ఫెయిల్ అనే చోటికి దూకు) అనే లైను పొరపాటున రెండుసార్లు పడింది, బ్రాకెట్లు లేవు. రెండోది ఇఫ్ (షరతు) కిందికి రాలేదు, ప్రతిసారీ నడిచి, ముఖ్యమైన తనిఖీని దాటేసింది.

స్పెల్లింగ్ దగ్గర మాత్రం నేను సీ పక్షం. పైన ఉన్న లూప్‌లో మొత్తం బదులు ఒత్తు మర్చిపోయి మొతం = మొత్తం + బరువు అని రాశావనుకో. పైథాన్ "ఓహో, మొతం అనే కొత్త డబ్బా కావాలేమో" అనుకుని తయారుచేసేస్తుంది. అసలు మొత్తం సున్నా దగ్గరే ఉండిపోతుంది. సీ అయితే "ఈ పేరు నాకు చెప్పలేదే" అని కంపైల్ చెయ్యదు, అంటే మెషీను భాషలోకి మార్చదు. ముందే ఇంట్ అని రాయించుకోవడం చాదస్తం అని తిట్టుకున్నాం కానీ, దాని లాభం ఇదిగో.

బదులుగా సీ ఇంకో చోట ముంచుతుంది. ఇఫ్ (35 < బరువు < 50) అని రాయి. పైథాన్ మనం లెక్కల్లో చదివినట్టే చదువుతుంది. సీ ముందు 35 < బరువు తేల్చి 1 గానీ 0 గానీ పట్టుకుని, దాన్ని 50తో పోలుస్తుంది. రెండూ 50 కంటే తక్కువేగా! టిక్కీ బరువు 90 ఉన్నా సరే అంటుంది. ఇఫ్‌లో పోల్చే == బదులు విలువ పెట్టే ఒక్క = రాసినా అంతే, సీ విలువ మార్చేసి ముందుకు పోతుంది, పైథాన్ అక్కడే ఆపేస్తుంది. జీసీసీ (సీ కంపైలర్) వాడేటప్పుడు -వాల్ అనే ఆప్షన్ పెట్టుకోమను, ఈ రెండింటికీ హెచ్చరిక ఇస్తుంది. 85 / 2కి మాత్రం ఇవ్వదు.

రెండింట్లోనూ వరసలో పెట్టిన వాటి లెక్క సున్నా నుంచే. మనం అద్దెకున్న బ్రాడీపేట నాలుగో లైను కంప్యూటరుకి 3. ఐదు లైన్లే ఉన్నప్పుడు ఆరోదానికి పొమ్మంటే పైథాన్ "లేదు" అని ఆగిపోతుంది. సీ మాత్రం ఎవరింటి తలుపో తట్టి లోపల ఏముంటే అది తెచ్చిపెట్టొచ్చు. 1972 నాటి భాష అది, బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రాసినప్పుడు మెషీన్లు చిన్నవి. ప్రతి అడుగులో తనిఖీ చేస్తూ కూర్చోకుండా రాసేవాణ్ణి నమ్మింది. 1991లో పైథాన్‌ని బయటపెట్టిన గైడో వాన్ రోసమ్‌కి చదవడానికి సులువుగా ఉండటం ముఖ్యం. ఆ ఖాళీల పట్టుదల అక్కణ్ణుంచే.

సరే, జవాబు. చిన్నికి పైథాన్‌తోనే మొదలుపెట్టు. వారంలో ఏదో ఒకటి నడిపించి మీ ఆవిడకి చూపిస్తుంది, ఆ హుషారు కావాలి. నెలయ్యాక అవే పది లైన్ల ప్రోగ్రాములు సీలో మళ్లీ రాయించు. బీటెక్‌లో చేరితే సీ ఎలాగూ తగులుకుంటుంది. రెండు జవాబులూ కలవకపోతే వెంటనే దిద్దెయ్యకుండా, ఏది నోరు మూసుకుందో దాన్నే పట్టుకోమను.

దసరా సెలవులకి పంపిస్తావా? కొట్టులో నిజం లెక్కలే ఇస్తా. ఘాటుకి తుమ్ములొస్తాయని మాత్రం ముందే చెప్పు.

నీ
రాంబాబు

తా.క.: -7ని 2తో భాగిస్తే సీలో -3 వస్తుంది, పైథాన్‌లో // పెడితే -4. ఎందుకో చిన్నిని కనుక్కోమను. జవాబు దాని చేతే రాయించు, నువ్వు చెప్పావంటే నాకు తెలిసిపోతుంది.