సగం ధర కారుకు విడిభాగాలు సగం ధరకు రావు

సంపాదకులకు,

పాత స్పోర్ట్స్ కార్లు సగం ధరకే దొరుకుతున్నాయని, కొత్తది కొనడం దండగని ఈ మధ్య పత్రికల్లో తరచుగా రాస్తున్నారు. లెక్క తప్పని అనలేం. రెండు కోట్ల బండి అయిదేళ్లకు కోటికి దొరకడం చాలా మోడళ్ల విషయంలో నిజమే. కానీ ఆ కోటి పెట్టి కొన్నవాడు బ్రేకు డిస్కులకు, క్లచ్‌కు, టైర్లకు కట్టేది రెండు కోట్ల బండి ధరలే. బండి ధర ఏటేటా దిగుతుంటే విడిభాగాల ధర ఏటేటా ఎక్కుతుంది. ఆ కథనాల్లో ఈ ఒక్క ముక్కే కనపడటం లేదు.

ముందు ‘తరుగుదల’ మాట సంగతి. మూడు వేర్వేరు లెక్కలను ఈ ఒక్క మాట కింద కలిపేస్తున్నారు. ఇన్సూరెన్స్ వాళ్లది ఐడీవీ (బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే విలువ) పట్టిక, కొత్త ధరలో ఎంత కోయాలో చెబుతుంది: ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, అయిదేళ్లలోపు 50. ఆల్టోకైనా ఫెరారీకైనా ఇదే పట్టిక. అయిదేళ్లు దాటితే కంపెనీ, యజమాని మాట్లాడుకుని విలువ తేల్చుకోవాలి. దీనికీ బజారు ధరకూ సంబంధం లేదు. పోర్షా 911 జీటీ3 లాంటి బండి బజారులో ఈ పట్టికకు చాలా పైన నిలబడుతుంది. ప్రీమియం తగ్గుతుందని పట్టిక ప్రకారం సగానికే పాలసీ తీసుకుంటే, బండి కాలిపోయిన రోజున చేతికొచ్చేదీ ఆ సగమే. పైగా మామూలు పాలసీలో క్లెయిము వస్తే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం, ఫైబర్‌గ్లాస్‌కు 30 శాతం కోత పడుతుంది. ఈ కార్ల ముందు బంపర్లు, కింది లిప్పులు దేనితో చేస్తారో చూసుకుంటే ఈ కోత లేని ‘జీరో డెప్’ పాలసీ ఎందుకు తీసుకోవాలో అర్థమవుతుంది.

రెండోది ఆదాయపు పన్ను లెక్క. కంపెనీ పేరు మీద కొన్న కారుకు ఏటా మిగిలిన విలువ మీద 15 శాతం తగ్గిస్తారు. రెండు కోట్లతో మొదలైతే ఏటా వరసగా 1.70 కోట్లు, 1.44, 1.23, 1.04 అవుతుంది, అయిదో ఏడు పూర్తయ్యేసరికి సుమారు 88.74 లక్షలు. కొన్న ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే ఆ ఏడు సగమే. ఈ సంఖ్య అమ్మేటప్పుడు మళ్లీ ముందుకొస్తుంది. తరుగుదల చూపించుకున్న జీఎస్టీ రిజిస్టర్డ్ కంపెనీ అదే కారును 1.20 కోట్లకు అమ్మితే, పుస్తకాల విలువకు మించిన 31.26 లక్షల మీద 18 శాతం, అంటే దాదాపు 5.63 లక్షల జీఎస్టీ కట్టాలి. పుస్తకాల విలువకన్నా తక్కువకు అమ్మితే ఏమీ లేదు. సొంతానికి కొనుక్కున్న వ్యక్తి అమ్మితే అసలు జీఎస్టీయే లేదు. ఒకే మోడలు, ఒకే ఏడు, ఒకే రంగు బండ్లు రెండు ఉంటే, కంపెనీ ఆర్సీ ఉన్నదాని ధర ఎందుకు కదలదో చాలామంది కొనుగోలుదారులకు తెలియదు. అమ్మేవాడు ఆ అయిదారు లక్షలను అడిగే ధరలో కలిపేసుకుని కూర్చుంటాడు.

మూడోదే అసలైనది, బజారు తరుగుదల. ఇందులో బండి అరుగుదల పాత్ర మనం అనుకున్నంత ఉండదు. కొత్త బండి ధర కదిలితే పాతది వెంటనే కదులుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకు 28 శాతం జీఎస్టీ, పైన సెస్సు పోయి మొత్తం 40 శాతం వచ్చింది. పెద్ద పెట్రోలు కార్లకు అంతకుముందు రెండూ కలిపి 48, ఎస్‌యూవీలకు 50. అంటే వంద రూపాయల బండి 148 నుంచి 140కి, ఎస్‌యూవీ 150 నుంచి 140కి దిగాయి. ఆగస్టులో పాత బండి కొన్నవాడికి కిలోమీటరు తిరగకుండానే అయిదు నుంచి ఏడు శాతం దాకా పోయినట్టే. పూర్తిగా దిగుమతయ్యే ఖరీదైన కార్ల మీద కస్టమ్స్ భారం 110 శాతం దాకా ఉంది. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకాలైన వాణిజ్య ఒప్పందంలో, కోటా పరిమితితో అక్కడి కార్లకు ఈ సుంకం దశలవారీగా తగ్గుతుంది. ఆస్టన్ మార్టిన్, మెక్‌లారెన్ పాతవి కొనేవారు ఈ సంగతి కూడా బేరంలో పెట్టుకోవాలి.

ఏది నిలబడుతుంది, ఏది కూలుతుంది అనేదానికీ ఒక పద్ధతుంది. రెండు సీట్ల, తక్కువ సంఖ్యలో వచ్చే, ఇంజిన్ పేరు మోసిన బండ్లు నిలబడతాయి. నాలుగు తలుపుల వేగం కార్లు, అంటే మసెరాటీ సెడాన్లు, పెద్ద మెర్సిడెస్ ఏఎంజీలు, పోర్షా ఎలక్ట్రిక్ కారు టైకాన్ లాంటివి తొలి మూడేళ్లలోనే దిగజారతాయి. ఫెరారీల్లో 360, ఎఫ్430 మోడళ్లకు మాన్యువల్ గేరుబాక్సు ఉంటే అదే ఏడాది ఎఫ్1 గేరుబాక్సు (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు మార్చేది) బండికన్నా చాలా ఎక్కువ పలుకుతుంది. కొత్తగా ఉన్నప్పుడు జనం కావాలని కొన్నది ఎఫ్1నే!

పేరు ఒక్కటే కాపాడదనడానికీ 911 చరిత్రే సాక్ష్యం. 911లో 996 అనే తరం, దాని తర్వాతి 997లో 2008 వరకు వచ్చిన మామూలు మోడళ్లలో, ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసు బేరింగ్ విరిగితే ఇంజిన్ మొత్తం పోతుంది. సిలిండర్ గోడలు గీసుకుపోయే జబ్బు కూడా అదే ఇంజిన్‌కు ఉంది. ఆ భయానికి 996 చాలాకాలం అన్నిటికన్నా చౌక 911గా మిగిలింది. 2009 మోడలు నుంచి వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ షాఫ్టే లేదు. అదే పాత కాలంలో వచ్చిన జీటీ3, టర్బోలది వేరే ఇంజిన్, వాటికి ఈ బేరింగ్ గొడవ లేదు, ధరలోనూ ఆ తేడా కనిపిస్తుంది.

మిగతావాటిలో ఒక్కోదానికి ఒక్కో జబ్బు. 2007-13 మధ్య వచ్చిన వీ8 బీఎండబ్ల్యూ ఎం3కి కనెక్టింగ్ రాడ్ బేరింగులు. ఇంజిన్ ఆయిల్ నమూనా ల్యాబుకు పంపి లోహపు రజను ఎంతుందో చూడాలి. 6.2 లీటర్ల పాత ఏఎంజీ ఇంజిన్‌కు హెడ్ బోల్టులు. జాగ్వార్ ఎఫ్-టైప్ సూపర్‌చార్జ్డ్ ఇంజిన్లకు ప్లాస్టిక్ కూలెంట్ పైపులు, వేడికి పెళుసెక్కి పగులుతాయి. పైపు చవకే గానీ అది పగిలాక కూడా నడిపితే ఇంజిన్ పోతుంది. మాగ్నెటిక్ రైడ్ (అయస్కాంత ద్రవంతో పనిచేసే షాకులు) ఉన్న తొలితరం ఆడీ ఆర్8కు షాకులు కారడం. ఫెరారీ 355కు టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజిన్ దించాలి, అదీ తిరిగిన కిలోమీటర్లతో పని లేకుండా కొన్నేళ్లకోసారి.

ఇక తక్కువ కిలోమీటర్ల మోజు. ‘అయిదేళ్లు, నాలుగు వేల కిలోమీటర్లు’ అని ప్రకటన చూడగానే ఎగబడతారు. అలాంటి బండిలో టైర్లు అయిదేళ్లవి, ట్యాంకులో పెట్రోలు నెలల నాటిది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది. కదలని బండిలో సీళ్లు ఎండిపోతాయి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటితే మార్చే ఖర్చు బేరంలో తీసేయాలి.

సింగిల్ క్లచ్ ఆటోమేటెడ్ గేరుబాక్సుల్లో (ఫెరారీ ఎఫ్1, లంబోర్గినీ ఈ-గేర్, అవెంటడార్) తిరిగిన దూరం చూసి క్లచ్ సంగతి చెప్పలేం. సిగ్నళ్ల దగ్గర పాకించడం, సెల్లారు ర్యాంపు మీద రివర్సులో ఎక్కించడం, ఇవే దాన్ని తినేస్తాయి. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో తిరిగిన బండి కొద్ది వేల కిలోమీటర్లకే క్లచ్ అడగొచ్చు. డయాగ్నస్టిక్ పరికరం పెడితే అరుగుదల శాతంలో వస్తుంది. ఆ ప్రింటు ఇవ్వకుండా ‘క్లచ్ బాగుంది సార్’ అంటే ఒప్పుకోవద్దు.

పోర్షా అయితే ఇంకో కాగితం అడగాలి: ఇంజిన్ హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో చెప్పే, ఇంజిన్ కంప్యూటర్ నుంచి తీసే ఓవర్‌రెవ్ రిపోర్టు. 997 నుంచి ఇందులో ఆరు శ్రేణులుంటాయి. కింది శ్రేణుల్లో అంకెలుంటే గట్టిగా యాక్సిలరేటర్ తొక్కి లిమిటర్‌కు (ఇంజిన్ వేగం హద్దు దాటకుండా ఆపేది) తగిలించారని, పెద్దగా కంగారక్కర్లేదు. 4, 5, 6 శ్రేణుల్లో అంకెలుంటే మాన్యువల్ బండిలో తప్పు గేరు పడిందని అర్థం. అయిదు నుంచి నాలుగుకు దించబోయి రెండులో పడితే చక్రాలే ఇంజిన్‌ను హద్దు దాటించి తిప్పుతాయి, లిమిటర్ ఆపలేదు. ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచాక అది జరిగిందో కూడా రిపోర్టులో ఉంటుంది.

ఆ గంటల అంకే మీటరు తిప్పినవాళ్లను పట్టిస్తుంది. మీటరు 18,000 కిలోమీటర్లు, ఇంజిన్ 900 గంటలు చూపిస్తే సగటు గంటకు 20. నగరంలో తిరిగిన బండికి సరిపోతుంది. అదే 18,000కు 1,500 గంటలుంటే సగటు 12. ‘ఆదివారం పొద్దున ఓఆర్ఆర్ మీద తప్ప తియ్యలేదు’ అని చెప్పే బండికి సగటు 12 ఎలా వస్తుందో అమ్మేవాడే చెప్పాలి. మీటరు మార్చినవాడు గంటలు మార్చడం సాధారణంగా మర్చిపోతాడు.

సెరామిక్ బ్రేకులు (పసుపు క్యాలిపర్లు) ఉన్న పోర్షాకు డిస్కు హబ్బు మీద కనీస బరువు అచ్చు వేసి ఉంటుంది. విప్పి తూకం వేయడమే సరైన పద్ధతి, పైపైన మెరుపు చూసి ఏమీ తెలియదు. నాలుగూ మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ఒక కొత్త హ్యాచ్‌బ్యాక్ ధరకు తక్కువుండదు.

పెయింటు మందం చూసే మీటరు తెచ్చామంటారు మెకానిక్కులు. ఇనుము మీదే పనిచేసే చవక మీటరు కొత్త తరం 911ల అల్యూమినియం తలుపుల మీద ఏమీ చూపించదు, కార్బన్ భాగాల మీద మంచి మీటరూ చూపించదు. అల్యూమినియం కూడా చదివేది తెచ్చి, ప్రతి ప్యానెల్ మీద అయిదారు చోట్ల పెట్టాలి. 100-150 మైక్రాన్ల దగ్గర ఉంటే కంపెనీ పెయింటు, 200 దాటితే మళ్లీ వేసినది, 500 దాటితే కింద పుట్టీ ఉంది. బండిని లిఫ్టు ఎక్కించి అడుగు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. మన స్పీడు బ్రేకర్లు ఈ కార్ల పొట్టను ఎలా గీరేస్తాయో అక్కడే కనపడుతుంది. ముందు భాగాన్ని కొన్ని సెంటీమీటర్లు పైకి లేపే ఫ్రంట్ లిఫ్ట్ ఉన్న బండికి ఇక్కడ రీసేల్‌లో గిరాకీ ఎక్కువ, కారణం ఇదే.

వరద బండ్లు ఇంకో బెడద. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగాయి. నీళ్లలో నిలిచిన కారుకు పైన పాలిష్ ఎంతైనా చేస్తారు. సీటు బెల్టును చివరికంటా లాగి చూడండి, మట్టి గీత మిగిలి ఉంటుంది. సీటు కింద పట్టాల తుప్పు, కార్పెట్ అడుగున ముక్కిన వాసన, వైర్ల కనెక్టర్లలో పచ్చని చిలుము చూడాలి.

కాగితాల దగ్గర చేసే పొరపాట్లు ఎక్కువగా పుదుచ్చేరి లాంటి వేరే రాష్ట్రం నంబరు మీద వచ్చే బండ్లవి. ఇక్కడ 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడి నంబరు వేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది లక్షల్లో ఉంటుంది కాబట్టి ముందే ఆర్టీఏలో లెక్క వేయించుకుని అడిగే ధరకు కలపాలి. ‘ఢిల్లీ రేటు’ చూసి మురిసినవారికి ఈ మొత్తం కలిపాక మిగిలేది తక్కువే. ఫారం 28 ఎన్‌వోసీ, పేరు మార్పుకు 29, 30 ఫారాలు, లోను ఉంటే అది తీరిందనే 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్ పాత యజమానితోనే పోతుంది, 50 శాతం తగ్గింపుతో ఉన్న ప్రీమియం చూసి వచ్చే ఏడూ అంతే అనుకోకూడదు.

చివరగా రవాణా శాఖకు మీ పత్రిక ద్వారా ఒక వినతి. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ అనే వాహన ఫిట్‌నెస్ పరీక్షలో మీటరు రీడింగు నమోదవుతుంది, నంబరు కొడితే ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం నంబరు ప్లేటు ఫొటో తీసి వాహన్‌లో ఎక్కిస్తూనే ఉన్నారు. అదే కెమెరాతో మీటరు ఫొటో ఒకటి తీసి, రీడింగును ఆర్సీ వివరాల పక్కన చూపిస్తే చాలు. యంత్రాలు కొత్తవి అక్కర్లేదు, ఫారంలో ఒక గడి పెంచాలి.

ఇట్లు,
పాత లగ్జరీ కార్ల తనిఖీ, విలువ నిర్ధారణ పనిలో ఉన్న పాఠకులు,
హైదరాబాద్