ఫిల్టర్ మీద మిగిలిందీ లెక్కలోకి రావాలి: పర్యావరణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను జువాలజీ లెక్చరర్‌గా రిటైరయ్యాను. మాది మూసీ ఒడ్డున, వలిగొండ వైపు ఊరు. మొన్న చలికాలంలో మూసీ కాల్వ నీళ్లు చేరే మా చెరువు నుంచి బకెట్ నీళ్లు తెచ్చి, మనవరాలికి చూపిద్దామని ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టాను. డాఫ్నియా కనిపించింది. నీటి ఈగ అంటాం గానీ ఈగ కాదు, రొయ్యకు దూరపు చుట్టం. ఒళ్లంతా అద్దం. గుండె కొట్టుకోవడం, వీపు మీద సంచిలో గుడ్లు, అన్నీ బయటికే కనిపిస్తాయి. నాచు తిన్న పేగు ఆకుపచ్చ గీతలా ఉండాలి. ఆ గీతలో ఒక నీలం పోగు ఇరుక్కుని ఉంది. "తాతా, అది చీర పోగా?" అంది పిల్ల. చీరదో, వలదో నాకూ తెలీలేదు.

అది ప్లాస్టిక్ పోగైతే ఒంటరిగా రాదండీ. ఎండకు గరుకెక్కి, నాచు జిగురు పట్టిన ప్లాస్టిక్‌కు నీటిలోని సీసం, కాడ్మియం, రాగి అంటుకుంటాయి. మన ల్యాబుల్లో కరిగిన లోహాలు కొలిచే ముందు నీటిని 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకడతారు. ప్లాస్టిక్‌నీ, దానికి అంటిన లోహాన్నీ ఫిల్టర్ పట్టేస్తుంది, కిందికి దిగిన నీళ్లకే లెక్క. డాఫ్నియా కూడా వడకడుతుంది. కాకపోతే అది మింగేది, మనం పారేసేదాన్నే.

రూల్సు చూడండి. 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల ఆరో షెడ్యూల్ ప్రకారం నదిలోకి వదిలే వ్యర్థజలంలో లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా కాడ్మియం ఉండొచ్చు. తాగునీటికైతే 0.003. వ్యర్థజలం విషమా కాదా తేల్చడానికి అందులో చేపలు వదిలి 96 గంటలు చూస్తారు, నూటికి తొంభై బతికితే పాస్. నాలుగు రోజుల్లో పిల్ల డాఫ్నియాకు మొదటి కాన్పు కూడా రాదు. ప్లాస్టిక్‌తో పేగు నిండి, మేత తగ్గి, పిల్లలు తక్కువ పుట్టడం ఆ పరీక్షలో ఎలా కనబడుతుంది?

ప్లాస్టిక్, లోహం కలిస్తే ప్రతిసారీ విషం పెరుగుతుందని నేననను. కొన్ని ప్రయోగాల్లో ప్లాస్టిక్ లోహాన్ని పట్టి ఉంచి హాని తగ్గించింది, కొన్నింట్లో పెంచింది. ముక్క సైజు, రకం, నీటి గుణం బట్టి ఫలితం మారుతుంది. చాలా ప్రయోగాలు శుభ్రమైన నీటిలో, కొత్త ప్లాస్టిక్ పూసలతో చేసినవి. మూసీ నీళ్ల సంగతి మూసీ నీళ్లతోనే తేలాలి.

చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతున్నది మీ ప్రభుత్వమే. ఆ పిల్లల తొలి మేతల్లో డాఫ్నియా ఒకటి. మేత సంగతి చూడకుండా పిల్లల్ని వదిలితే ఏం లాభం?

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. నాగోల్, ప్రతాపసింగారం, వలిగొండ దగ్గర వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి నీళ్లు తీయించండి. వడకట్టకుండా సగం, వడకట్టి సగం, రెండింట్లోనూ డాఫ్నియాను 21 రోజులు పెంచి ఎన్ని పిల్లలు పెట్టిందో లెక్కపెట్టించండి. 21 రోజుల పద్ధతి కొత్తదేం కాదు, ప్రపంచమంతా వాడుతున్నదే. పొల్యూషన్ బోర్డుకు తీరిక లేదంటే యూనివర్సిటీ జువాలజీ విభాగాలకు అప్పగించండి, పీజీ పిల్లలు ఎగిరి గంతేస్తారు.

నీళ్లు తీసే రోజు కబురు చేయిస్తే బకెట్ పట్టుకుని నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
యాదాద్రి భువనగిరి జిల్లా