కింది ఫ్లాట్ ఆంటీకి వందనాలు

మూడు రాత్రులుగా సరిగా నిద్ర లేదు. రాతలో తప్పులుంటే క్షమించండి. ఇవాళ రాయకపోతే మళ్లీ పనుల్లో పడిపోతానని భయం, అందుకే పాప పడుకోగానే కూర్చున్నాను.

సోమవారం రాత్రి పాపకి జ్వరం 104 దాటింది. పిలిస్తే పలకడం లేదు. ఉన్నపళంగా హాస్పిటల్‌కి పరిగెత్తాం. ఆ సాయంత్రం నుంచి కుళాయిలో నీళ్లు లేవు. వస్తున్నాయేమో చూద్దామని సింకు దగ్గర కుళాయి తిప్పాను, రాలేదు, మళ్లీ కట్టేయడం మర్చిపోయాను. సింకు నిండా గిన్నెలు, నీళ్లు పోయే కన్నానికి అడ్డంగా ఒక ప్లేటు. మేం లేనప్పుడు ఏ వేళకి వచ్చాయో గానీ, తెల్లారి తిరిగొచ్చేసరికి మా గుమ్మం కింది నుంచి నీళ్లు మెట్ల మీదికి పారుతున్నాయి.

తలుపు ముందు కింది ఫ్లాట్ ఆంటీ నిలబడి ఉన్నారు. మేం ఈ ఇంట్లోకి వచ్చి ఎనిమిది నెలలైనా ఆవిడతో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతిలో చీపురు పట్టుకుని ఉన్నారు. నాకు గుండె జారిపోయింది. సారీ చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆవిడ చూపు పాప చేతి మీద, సూది గుచ్చిన చోట అంటించిన దూది మీద పడింది.

"జ్వరం తగ్గిందా తల్లీ?" అన్నారు.

నీళ్ల మాటే ఎత్తలేదు. నేను అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. ఆవిడ పాపని భుజాన వేసుకుని, "ముందు బయట కరెంటు మెయిన్ ఆపించు. తడి కాళ్లతో లోపల స్విచ్‌లు ముట్టుకోకండి" అని చెప్పారు. నాకైతే ఆ సంగతి తట్టనే లేదు. నేరుగా లోపలికి వెళ్లి లైట్ వేసేదాన్ని. తర్వాత రెండు గంటలు నాతో పాటు వంగి నీళ్లు తోశారు. అరవై దాటిన మనిషి.

ఆవిడ ఇల్లు ఎలా ఉందో మధ్యాహ్నం కిందికి వెళ్తే గానీ తెలియలేదు. సీలింగ్ ఉబ్బిపోయింది, మంచం మీద పరుపంతా తడే. మంచం పక్క బల్ల మీద బైబిల్, కాలం చేసిన అంకుల్‌ది. అంచుల్లో ఆయన రాసుకున్న మాటలు. బాల్ పెన్ రాతలు నిలిచాయి, ఫౌంటెన్ పెన్‌తో రాసినవన్నీ నీలం మరకలైపోయాయి. కీర్తనల దగ్గర ఒక్క మాట కూడా చదవడానికి లేదు. ఎండలో పెడితే కాగితం వంకర్లు పోతుందని, కొన్ని పేజీలకి ఒకటి చొప్పున తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాన్ కింద నిలబెట్టారు. నేను మాట రాక నిలబడిపోతే, "ఆయన ఏం రాశారో నాకు గుర్తే తల్లీ, పక్కనే మళ్లీ రాసుకుంటాను" అన్నారు.

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుడి కథ, దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని ఆదుకున్న పరాయివాడి కథ, చిన్నప్పటి నుంచి వింటున్నాను. సండే స్కూల్లో పిల్లలకి చెప్పాను కూడా. గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి, పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చాడని చెప్పేదాన్ని. ఒక దేనారం అంటే ఆ రోజుల్లో కూలివాడికి ఒక రోజు కూలి. కానీ అతను ఆ పడి ఉన్నవాణ్ణి "ఇలాంటి దారిలో ఒంటరిగా ఎందుకొచ్చావు" అని అడిగినట్టు ఎక్కడా లేదని నాకు ఈ వారమే తట్టింది. ఇంకా ఖర్చయితే మళ్లీ వచ్చినప్పుడు ఇస్తానన్నాడు, అంటే మళ్లీ వస్తాడు. ఆంటీ కూడా మర్నాడు పొద్దున్నే వచ్చారు, పాప నుదురు ముట్టుకుని చూడడానికి. నిన్న కూడా వచ్చారు. కుళాయి ఎందుకు వదిలేశావని ఇప్పటికీ అడగలేదు.

బాధగా ఉన్నా ఒక మాట చెప్పాలి. నీళ్ల సరఫరా చూసేవాళ్లు నీళ్లు ఆపేముందు ఒక్క మెసేజ్ పంపి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. ఫోన్ చేస్తే "మీ కాల్ మాకు ముఖ్యం" అని నలభై నిమిషాలు పాట వినిపించారు. ఫిర్యాదు తీసుకున్నట్టు ఒక నంబరు వచ్చింది. మర్నాడు "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఇంకో మెసేజ్! ఎవరూ వచ్చింది లేదు, చూసింది లేదు. ఆంటీ సీలింగ్ ఇంకా కారుతూనే ఉంది. పెద్దావిడ ఒక్కతే ఉంటుంది, కాస్త ఎవరైనా పట్టించుకోండి.

మా ఆయన, అత్తయ్య, తమ్ముడు పగలూ రాత్రీ తోడున్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పై అంతస్తు అబ్బాయిలు తడిసిన పరుపుని డాబా మీదికి మోశారు, మీకు చాలా థాంక్స్ నాన్నా. పిలవగానే వచ్చి వైరింగ్ అంతా చూసి, డబ్బు తీసుకోకుండా వెళ్లిన ఎలక్ట్రీషియన్ అన్నకి కూడా.

ఆంటీ, రేపు సాయంత్రం కాగితాలు మార్చడానికి నేనే వస్తాను, మీరు వంగకండి. పాప కూడా వస్తానంటోంది.

అయ్యో, ఆ రాత్రి డ్యూటీ నర్సు గారిని మర్చిపోయాను. రెండుసార్లు నరం దొరక్కపోతే పాపకి సారీ చెప్పి, మూడోసారి పాట పాడుతూ సూది పెట్టారు. పేరు అడగలేదు సిస్టర్, వందనాలు. వాచ్‌మన్ బాబాయికి కూడా, మెట్ల మీద నీళ్లు చూసి ఆంటీ తలుపు తట్టింది ఆయనే.