లైనింగ్ పట్టీలు పంపిస్తున్నాను

ఉదయగిరి

చిన్నా,

మొన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. గిటారు నడుము వంపు దగ్గర లోపల అతికించే లైనింగ్ పట్టీ మూడుసార్లు పుటుక్కుమని విరిగిందని, ఇక కొన్నదే అతికిస్తానని అన్నావు. కొనొద్దని నేను అనను నాయనా. కానీ ఎందుకు విరిగిందో తెలియకుండా కొంటే, అదీ విరిగిన రోజు నీకు మళ్లీ ఇదే టెన్షన్. అందుకే నువ్వు చెప్పిన కొలతలతో ఇక్కడ నేనే చేసి చూశాను.

గిటారు పక్క చెక్క మందం 2 ఎంఎం అన్నావు. అంత సన్నటి అంచు మీద పైపలకను ఆనిస్తే బంకకు చోటేదీ? స్టీలు తీగలు బిగిస్తే లాగుడు 70 కిలోల దాకా ఉంటుందని కూడా నువ్వే చెప్పావు. ఆ అంచుకు లోపలివైపు చుట్టూ ఇంకో పట్టీ అతికిస్తేనే పలక పట్టుకుని ఉంటుంది. ఇంత భారం మోసేదాన్ని ఏదో ఒకటిలే అనుకోవడానికి నాకు మనసు రాలేదు.

మొదట బిక్కి చెక్క తీశాను. ముప్పై ఏళ్లుగా చెంచాలు చేసే చెయ్యి కదా, దానికే వెళ్లింది. బిక్కి గట్టిది, నార సన్నం, చెంచా అంచు నున్నగా తేలుతుంది. కానీ పట్టీ చేసి అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలిసింది. మోగాల్సిన పెట్టెలో అంత బరువు వద్దనిపించింది. ఆత్మకూరులో బీరువాలు చేసేచోట మహాగని ముక్కలు మిగిలితే అడిగి తెచ్చుకున్నాను. మహాగని మన వేపకు చుట్టమే, రెండూ ఒకే కుటుంబం చెట్లు. తేలిగ్గా ఉంటుంది, రంపానికి లొంగుతుంది.

అయినా మొదటి నాలుగు పట్టీలూ విరిగాయి. విరిగిన చోటును కళ్లద్దాలు పెట్టుకుని వెలుతురులో చూశాను. పట్టీ వంగడానికి అడ్డంగా వరసగా గాట్లు కోస్తాం కదా, ఆ గాటు కింద మిగిలిన పొరలో నార పట్టీ పొడవునా పారడం లేదు. ఏటవాలుగా వచ్చి వెనక ముఖం మీద తెగిపోయి ఉంది. పైకి 1 ఎంఎం పొర నిండుగానే కనిపిస్తుంది, లోపల పట్టుకోవడానికి నారే లేదు. నీవి కూడా ఇట్లాగే విరిగి ఉంటాయి. పారేయకుండా ఉంటే ఆ ముక్కలు ఒకసారి చూడు.

తర్వాత ముక్కను రంపంతో కోయలేదు. ఉలి పెట్టి నార వెంట చీల్చాను. చీలిక ఎటు పోతే అటే పోనిచ్చి, ఆ ముఖాన్ని చదును చేసుకుని, అక్కడి నుంచి పట్టీలు తీశాను. మందం 6 ఎంఎం, మన లెక్కలో దగ్గర దగ్గర రెండు నూళ్లు. ఎత్తు 16. చెక్క కొంత వృథా అవుతుంది, అవనీ.

గాట్లకు ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాను. చెక్క దిమ్మకు రంపం దూరే సందు కోసి, దానికి 6 ఎంఎం పక్కన తల తీసేసిన మేకు దిగ్గొట్టాను. కోసిన గాటును ఆ మేకుకు తగిలిస్తే తర్వాతి గాటు సరిగ్గా అంతే దూరంలో పడుతుంది. రంపం బ్లేడుకు రెండు వైపులా సన్న రీపర్లు బిగించాను, లోతు 5 దాటగానే అవే ఆపేస్తాయి. కంటి అంచనాతో కోయకు చిన్నా. పట్టీకి యాభైకి పైగా గాట్లు, నలభయ్యోదాని దగ్గర చెయ్యి అలసిపోతుంది.

ఇంకొకటి. పొట్ట వంపులో గాట్లు మూసుకుంటాయి, నడుము దగ్గర నోరు తెరుస్తాయి. అందుకే అక్కడ విరుగుతుంది. నడుము మీద పడే భాగంలో వెనకవైపు తడిబట్టతో ఒకసారి తుడిచి, కాసేపు ఆగి, బంక పూయకుండానే వంచి చూసుకో. ఆ తడి ఆరాకే బంక పూయి. క్లిప్పులు నడుము దగ్గర మొదలుపెట్టి రెండు వైపులకూ పోవాలి. నేను మీ అక్క వాళ్ల దండెం మీది బట్టల క్లిప్పులన్నీ తెచ్చి, ఒక్కోదానికి రబ్బరు బ్యాండు చుట్టి వాడాను, పట్టు బాగా వచ్చింది. పట్టీ అంచుకన్నా వెంట్రుకవాసి పైకి ఉండేలా అతికించు. తర్వాత పలక వంపుకు తగ్గట్టు చిత్రిక పట్టుకోవచ్చు.

ఇరవై పట్టీలు కట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. ఇక్కడ ఈశాన్య వానలు పట్టుకున్నాయి, గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. పొయ్యి మీది అటకలో పది రోజులు ఉంచే తీశాను. అయినా రాగానే వాడకు. కట్ట విప్పి, మీ పని గదిలోనే గాలికి వారం ఉంచు. విరిగిన ముక్కలు దొరికితే ఫోటో తీసి పంపు, నార ఎటు పోయిందో నేనూ చూస్తాను.

అన్నం వేళకు తిను.

మీ అమ్మ